జ్వరము విడిచిన పిమ్మట

(ఒక పట్టణ పఠనమందిరమున గావింపబడిన ప్రసంగపాఠము)



పడిశము, దగ్గు, విషజ్వరము మన యిండ్లకు చుట్టములవలె వచ్చి పోవుచుండును. వచ్చినపుడు కొంత విసుగుకొందుము. పోయిన పిమ్మట మఱచిపోవుదుము. నుదుట చేయి వేసి చూచి, ఒళ్లు చల్లబడినచో రోగము తీరినదని తీర్మానించి, మఱునాడే కొట్టునకో, కచేరీకో, పొలమునకో బయలుదేరుదుము. ఈ తీర్మానము సరియైనది కాదని విన్నవించుటకే నేడు మేము మీ యెదుట నిలిచినాము. జ్వరము విడిచిన దినము వేఱు. రోగము విడిచిన దినము వేఱు. ఈ రెండు దినముల నడుమనుండు కొలది వారములలోనే అనేకుల గుండెకు ముప్పు వాటిల్లుచున్నది.

గాలివానలకు అలవాటుపడిన మన తీరప్రాంతమువారికి ఒక సంగతి తెలియును. వాన కురియుచున్నంతసేపు నిలిచియున్న మట్టిగోడ, వాన వెలసి యెండ కాచిన రెండవనాడో మూడవనాడో కూలును. నీరు లోపల నానియుండుటయే దానికి కారణము. వాననాటి రాత్రి మేలుకొని కాచుకొన్న యింటివారు, ఎండ కాచినదని ధైర్యముతో ఆ గోడప్రక్కనే పరుందురు. ఊపిరితిత్తులకు సోకు వైరసు జ్వరములును ఇట్టివే. దెబ్బ ముక్కునను గొంతునను ప్రారంభమగును. దాని తడి గుండెవరకు ప్రాకును.

మేము వైద్యులము కాము. న్యాయవాదవృత్తియం దుండి, అంటురోగములు ప్రబలినపుడు సేవకులముగా వీధులు తిరిగినవారము. 2021 వేసవిలో కోవిడు రెండవ కెరటమున ఇంటింటికి అన్నపు పొట్లములు మోసినపుడు ఒక సంగతి గమనించితిమి. పదునాలుగవ దినమువఱకు వ్రేలికి యంత్రము తగిలించి ప్రాణవాయువు ఎంతయున్నదో గంటగంటకు లెక్కించిన కుటుంబములు, పదునేనవనాడు ఆ యంత్రమును పెట్టెలో పెట్టి రోగిని మఱచినవి. మందు వ్రాయుట మా పని కాదు. సాక్ష్యమును తూచుట మా పని. ఈ విషయమున లోకమున నెట్టి సాక్ష్యము పోగుపడినదో, దాని బలమెంతయో, దానినుండి గృహస్థునకును, యజమానికిని, ప్రభుత్వమునకును ఏ ధర్మములు సంక్రమించుచున్నవో మనవి చేసెదము.

పాత సాక్ష్యము

1918వ సంవత్సరమున ఇన్‌ఫ్లుయెంజా మన దేశముమీద పడినది. కోటికి మించిన జనము మడిసిరి. 1911 నుండి 1921 వఱకు గల పదియేండ్లలో దేశపు జనసంఖ్య పెరుగుటకు మాఱు తగ్గినది. ఇరువదవ శతాబ్దమున అట్టి దశాబ్దము అదొక్కటియే. ఆనాటి వైద్యులకు ఆ రోగకారకమేమో తెలియదు. మానవులకు సోకు ఇన్‌ఫ్లుయెంజా వైరసును 1933లోగాని ఇంగ్లండు వైద్యులు పట్టుకొనలేకపోయిరి.

అయినను, వైరసు పట్టుబడక పూర్వమే, 1932లో, అమెరికా ప్రజారోగ్యశాఖకు చెందిన సెల్విన్ కాలిన్సు అను గణకుడు మరణముల పట్టికలు ముందిడుకొని ఒక చిత్రమైన సంగతిని బయలుపఱచెను. ఇన్‌ఫ్లుయెంజా ప్రబలిన వారములలో ఆ రోగముచేతను న్యుమోనియాచేతను చనిపోయినవారి సంఖ్య హెచ్చుట సహజమే. కాని అవే వారములలో గుండెజబ్బుచే చనిపోయినట్లు వ్రాయబడినవారి సంఖ్యయు హెచ్చుచుండెను. జ్వరము ఊరినుండి వెడలిపోగానే ఆ సంఖ్యయు తగ్గుచుండెను. పట్టికలో నేరస్థుని పేరు గుండె యని వ్రాయబడినది. చాటున నిలిచి చేయించినది జ్వరము. ఈ సాక్ష్యము తొంబదియేండ్లకు పైబడినది. మన వీధులలో మాత్రము ఇది యింకను వార్తయే.

గుండె యెట్లు దెబ్బతినును?

వైద్యగ్రంథములు చెప్పునది సామాన్యభాషలో నాలుగు మార్గములుగా విభజింపవచ్చును.

మొదటిది భారము. ఒంటివేడి సెంటీగ్రేడు మానమున ఒక డిగ్రీ పెరిగినచో గుండె నిమిషమునకు సుమారు 10 సార్లు అధికముగా కొట్టుకొనును. అదే సమయమున ఊపిరితిత్తులు వాచి, నెత్తురున ప్రాణవాయువు తగ్గును. బస్తాలు పెంచి గంజి తగ్గించినచో హమాలీ యేమగునో, గుండెయు నట్లే యగును. దృఢమైన గుండె యోర్చుకొనును; ఇదివఱకే అలసిన గుండె కుంగిపోవును.

రెండవది నెత్తురు గడ్డకట్టుట. గుండెకు నెత్తురు తెచ్చు నాళములలో మధ్యవయస్సునాటికి చాలమందికి కొవ్వుపొరలు పేరుకొనియుండును. వైరసు నెదిరించుటకై శరీరము రగిల్చిన మంట ఆ పొరలను మెత్తబఱచి పగులజేయును. పగిలినచోట నెత్తురు గడ్డకట్టి నాళము మూసికొనును. దీనినే మనము గుండెపోటు అందుము. నెత్తురునకు గడ్డకట్టు గుణము సైతము ఆ దినములలో హెచ్చియుండును. కావున జ్వరమునాటి మంట జ్వరముతో నారిపోవునని తలపరాదు.

మూడవది గుండెకండరమే వాచుట. వైరసు కండరమున ప్రవేశించుటవలన గాని, దానిని చంపబోయిన శరీరపు రక్షకబలము తన కండరమునే కొట్టుటవలన గాని యిది కలుగును. దీనికి ముసలితనముతో పనిలేదు. ఆటలాడు యువకులకును రావచ్చును. ఇన్‌ఫ్లుయెంజా, కోవిడు వైరసులేగాక, అమెరికాలోని ఒక యూరిపేర 'కాక్సాకీ' యని పిలువబడు వైరసులును దీనిని కలిగించును. నాలుగవది లయ తప్పుట. ఉదయమునుండి సాయంకాలమువఱకు ఒకే తాళమున నడచు గుండె ఉన్నట్టుండి తడబడును. ఒక్కొకప్పుడు ఆ తడబాటే ప్రాణాంతకమగును.

ఈ మూడవ మార్గమును గూర్చి 1970లో ప్రకటింపబడిన ఒక పరిశోధన యున్నది. కాక్సాకీ వైరసు సోకించిన ఎలుకలలో కొన్నిటిని ఊరకుంచి, కొన్నిటిని బలవంతముగా ఈదించిరి. ఊరకున్న వానికంటె ఈదిన ఎలుకలలో వైరసు మిక్కిలి హెచ్చుగ పెరిగి, గుండెలు అధికముగా చెడి, చావులు హెచ్చాయెను. ఎలుక మనుష్యుడు కాదు, నిజమే. కాని జ్వరపుటొంటితో బరువులు మోయువాని నెవనిని చూచినను మాకు ఆ నీటితొట్టి జ్ఞాపకము వచ్చును.

కొత్త సాక్ష్యము

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒకేసారి జరిగినంతమాత్రమున కాకియే పండును పడగొట్టినదని చెప్పవచ్చునా? జ్వరము వచ్చినవాడు ముసలివాడు, మధుమేహి, చుట్ట త్రాగువాడు అయియుండవచ్చును గదా. వానికి గుండెపోటు ఎటులైనను రాకుండునా? ఈ యాక్షేపణకు బదులు చెప్పుటకై పండితులు చక్కని పద్ధతి కనిపెట్టిరి. జ్వరము వచ్చినవానిని వేఱొకనితో పోల్చక, వానిని వానితోనే పోల్చిరి. అదే మనిషి, అదే వయస్సు, అవే అలవాట్లు; జ్వరపు వారమున గుండెపోటు లెన్ని, తక్కిన వారములలో నెన్ని యని లెక్కించిరి.

2004లో ఇంగ్లండు వైద్యుల దప్తరములనుండి ఇట్టి లెక్క తీయగా, శ్వాసకోశపు రోగము సోకిన మొదటి మూడు దినములలో గుండెపోటు సంభవము తక్కిన కాలముకంటె సుమారు అయిదు రెట్లుగా తేలినది. 2018లో కెనడాదేశపు ఒంటేరియో రాష్ట్రమునుండి మఱింత గట్టి సాక్ష్యము వచ్చినది. అక్కడ పరీక్షచే ఇన్‌ఫ్లుయెంజా యని నిర్ధారణయైనవారిలో, ఆ పరీక్షకు ముందొక యేడును వెనుకొక యేడును కలిపి 364 గుండెపోట్లు లెక్కకు వచ్చినవి. వానిలో పరీక్షానంతరము మొదటి 7 దినములలోనే 20 సంభవించినవి. తక్కిన కాలమున సగటున వారమునకు 3.3 మాత్రమే. అనగా ఆఱు రెట్లు. ఒకే సాక్షి రెండు వేళల చెప్పిన మాటలను ప్రక్కప్రక్కన పెట్టి తీసిన నిజమిది. దీనిని త్రోసివేయుట కష్టము.

కోవిడు సంగతి యింకను దీర్ఘమైనది. అమెరికాలోని మాజీసైనికుల వైద్యశాలల దప్తరములలో కోవిడు సోకిన 1,53,760 మందిని ఒక సంవత్సరము వెంబడించి, 2022లో ఫలితము ప్రకటించిరి. మొదటి 30 దినములు గడచిన పిమ్మటను, సోకనివారితో పోల్చినచో, వారిలో గుండె బలహీనపడుట, లయ తప్పుట, నాళములు మూసికొనుట మొదలగునవి హెచ్చుగ నుండెను. వేయిమందికి సుమారు 45 మంది అధికముగా ఇట్టి వ్యాధులపాలైరి. ఆసుపత్రిలో చేరక యింటివద్దనే కోలుకొన్నవారును ఈ ముప్పునకు దూరము కాలేదు. చేరినవారికి అది మఱింత హెచ్చు. వారిలో నధికసంఖ్యాకులు వయస్సు మీఱిన పురుషులు గనుక ఈ అంకెను అందఱకు యథాతథముగా వర్తింపజేయరాదు. కాని సాక్ష్యము చూపు దిక్కు ఒక్కటే.

ఒక మాట స్పష్టముగ చెప్పవలెను. ఆఱు రెట్లన్నంతనే జ్వరము వచ్చిన ప్రతివాని గుండె ఆగునని యర్థము కాదు. జ్వరము వచ్చినవారిలో చాల హెచ్చుమంది సుఖముగా కోలుకొందురు. ముప్పు ముఖ్యముగా నెవరికన, వయస్సు మీఱినవారికి, ఇదివఱకే గుండెజబ్బు గలవారికి, మధుమేహము, రక్తపుపోటు, మూత్రపిండముల జబ్బు గలవారికి, పొగాకు విడువనివారికి. అయిననేమి? ఈ జాబితాలో చేరనివారు లేని యిల్లు మన పట్టణమున నెన్ని యున్నవి?

వదంతి యను మఱియొక రోగము

కోవిడు పిమ్మట పడుచువారు కొందఱు ఆటస్థలములలోను, వ్యాయామశాలలలోను, పెండ్లిపందిళ్లలోను కుప్పగూలిన వార్తలు వచ్చినవి. ఆ దుఃఖము నిజము. కాని దాని వెంట, ఇదంతయు టీకావలననే యను మాట ఊరూర ప్రాకినది. ఒక నేరమునకు ముద్దాయిని నిర్ణయించుటకు ముందు సాక్ష్యము చూడవలదా?

భారత వైద్య పరిశోధనా మండలి వారు దేశమునందలి 47 పెద్ద ఆసుపత్రులలో ఈ సంగతి విచారించి 2023లో ప్రకటించిరి. 18 మొదలు 45 యేండ్లలోపువారై, అంతకుముందు ఆరోగ్యముగానుండి, కారణము తెలియక హఠాత్తుగా చనిపోయిన 729 మందిని, అదే వయస్సుగల సజీవులగు 2,916 మందితో పోల్చిరి. టీకా వేయించుకొన్నవారిలో ఇట్టి మరణము హెచ్చుగ కనబడలేదు. రెండు మోతాదులు పడినవారిలో తక్కువగా కనబడినది. హెచ్చుగ కనబడిన దెవరిలో? కోవిడుతో ఆసుపత్రిలో చేరియుండినవారిలో, వంశమున హఠాన్మరణము గలవారిలో, మరణమునకు ముందు రెండుదినములలో మితిమీఱి మద్యము త్రాగినవారిలో, మత్తుపదార్థములు సేవించినవారిలో, ఆ రెండుదినములలో తీవ్రమైన వ్యాయామము చేసినవారిలో.

టీకాకు దోషమే లేదని మేము చెప్పము. ఎం.ఆర్.ఎన్.ఏ. జాతి టీకాలు వేసిన దేశములలో, ముఖ్యముగా పడుచుమగవారిలో, మిక్కిలి యరుదుగా గుండెకండరము వాచుట నిజమే. మన దేశమున విశేషముగ వేయబడిన కోవిషీల్డు, కోవాగ్జిను ఆ జాతివి కావు. కోవిషీల్డువంటి టీకాకు అత్యరుదుగా నెత్తురు గడ్డకట్టు దోషము కలదు. ఉన్న దోషమును ఉన్నంత చెప్పుటయే న్యాయము. కాని లేని నేరమును టీకాపై మోపి, ఉన్న నేరస్థుడైన రోగమును విడిచిపెట్టుట న్యాయము కాదు. వదంతి నమ్మి టీకా మానిన ముసలి తలిదండ్రులకు రేపు జ్వరము వచ్చినచో, వదంతి పుట్టించినవాడు రాత్రి మేలుకొని వారి నాడి చూడడు.

మన యలవాట్లు

జ్వరము రాగానే మనకు సూది కావలెను. సూది వేయనివాడు వైద్యుడే కాడని మన నమ్మకము. ఆ సూదిలో తఱచుగా నుండునది డైక్లోఫెనాక్ వంటి నొప్పులమందు. తైవాను ద్వీపమున గుండెపోటుతో ఆసుపత్రి చేరిన సుమారు 10 వేలమంది దప్తరములు పరిశీలించి 2017లో ప్రకటించిన దేమన, శ్వాసకోశపు జ్వరమున ఇట్టి నొప్పులమందు బిళ్లలుగా మ్రింగిన దినములలో గుండెపోటు మూడు రెట్లకు పైగాను, సూదిమందుగా పొందిన దినములలో ఏడు రెట్లకు పైగాను తటస్థించినది. జ్వరము తగ్గుటకు సామాన్యముగ పారాసిటమాల్ బిళ్ల చాలును. అయితే గుండెవైద్యుడు ప్రతిదినము వేసికొమ్మని వ్రాసిన ఆస్పిరిన్ మొదలగు మందులను జ్వరమని చెప్పి సొంతముగ మానరాదు. వైరసు జ్వరమునకు యాంటీబయాటిక్కులు పనిచేయవు. వానిలో అజిత్రోమైసిన్ వంటివి కొందఱి గుండెలయను చెఱుపగలవు. అంగడివాని సలహాపై వానిని కొని మ్రింగుట ఆపదను కొనితెచ్చుకొనుటయే.

లంఖణము పరమౌషధమని పెద్దలందురు. కడుపు బరువైనపుడు అది మంచిదే కావచ్చును. కాని జ్వరముతో చెమటపట్టు వానికి నీరు మాన్పించినచో నెత్తురు చిక్కబడును. మధుమేహికి లంఖణము చెఱుపు. పెద్దల యాచారములో నిజముగా నిలుపుకొనదగినది వేఱొకటి కలదు. అది పథ్యము. జ్వరము విడిచిన పిమ్మట ఇన్ని దినములు ఎండలో తిరుగరాదు, బరువెత్తరాదు, ఒళ్లు కుదుటబడువఱకు ఇల్లు కదలరాదు అను నియమము ఆనాటి యిండ్లలో నుండెను. రోగము తిరుగబెట్టునను భయమే దానికి మూలము. ఆ భయము వట్టిది కాదని నేటి శాస్త్రము చెప్పుచున్నది. జ్వరము తగ్గిన పిమ్మట మొదట ఇంటిలో నడక, తరువాత మెట్లు, తరువాత వీధి, చివరకు బరువుపని, ఆటలు, ఈ క్రమమున సాగవలెను. ఏ మెట్టుననైన ఆయాసము, దడ కలిగినచో వెనుకకు దిగవలెను. గుండెకండరము వాచినదని వైద్యుడు నిర్ధారించినచో మూడు మొదలు ఆఱు మాసములవఱకు కఠినమైన శ్రమ, పందెములు మానవలెనని వైద్యులు విధించుచున్నారు.

ఇక ముప్పు గుర్తులు. ఎదపై బరువు పెట్టినట్లుండుట, ఆ నొప్పి ఎడమచేతికో, దౌడకో, వీపునకో ప్రాకుట, పరుండినచో ఊపిరాడకుండుట, చల్లని చెమట, గుండెదడ, కన్నులు తిరిగి పడిపోవుట, పాదములు వాచుట. ముసలివారికిని, మధుమేహులకును, స్త్రీలకును ఒక్కొకప్పుడు నొప్పియే యుండదు. వట్టి ఆయాసము, నీరసము, వాంతి మాత్రమే యుండును. దీనినే మనవారు 'గ్యాసు' అందురు. సోడా త్రాగి పరుందురు. ఎందఱ ప్రాణములు ఆ సోడాబుడ్డిలో కరగిపోయినవో! జ్వరమువచ్చి మాసము తిరుగనివానికి ఎదలో బరువనినచో అది గ్యాసు కాదని నిరూపింపబడువఱకు గుండెయే యని తలపవలెను. మన దేశమున 2005లో హైదరాబాదునుండి ఆరంభమైన 108 బండిని వెంటనే పిలువవలెను. ఇ.సి.జి. తీయించవలెను. మొదటి ఇ.సి.జి. బాగున్నను బాధ పోనిచో మఱల తీయుమని యడుగుటకు సిగ్గుపడరాదు. వైద్యునితో, 'ఇన్ని దినముల క్రిందట జ్వరము వచ్చినది' అని తప్పక చెప్పవలెను. ఆ యొక్క వాక్యము చెప్పబడకపోవుటచే పొరబడు వ్యాధినిర్ణయములు పెక్కు.

నివారణకు టీకా

ఇన్‌ఫ్లుయెంజా టీకా జ్వరమునే గాక గుండెను సైతము కాచునని సాక్ష్యము కలదు. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేరిన 2,571 మందిపై ఎనిమిది దేశములలో జరిపిన పరీక్ష 2021లో ప్రకటితమైనది. మన పొరుగుననున్న బంగ్లాదేశము ఆ దేశములలో నొకటి. సగముమందికి టీకాయు, సగముమందికి ఉప్పునీటి సూదియు వేసిరి. ఏడాది తిరుగునప్పటికి ఉప్పునీటి వర్గమున నూటికి 4.9 మంది చనిపోగా, టీకా వర్గమున 2.9 మంది మాత్రమే చనిపోయిరి. ఇంత ఫలమిచ్చు టీకా మన ప్రభుత్వపు సార్వజనిక టీకా కార్యక్రమమున నింకను చేరలేదు. కలవారు కొనుక్కొందురు, లేనివారు దాని పేరైన వినలేదు. వైరసు తన రూపు మార్చుకొనుచుండును గనుక దీనిని ఏటేట వేయించుకొనవలెను. గుండెజబ్బు, మధుమేహము గలవారును, వృద్ధులును వానకాలమునకు ముందే వైద్యుని సలహాపై వేయించుకొనుట మేలు.

విశ్రాంతి యెవరి సొత్తు?

ఇంతవఱకు చెప్పినది వినుటకు సులువు. 'విశ్రాంతి పుచ్చుకొనుడు' అని వేదికమీదనుండి చెప్పుట మఱింత సులువు. కాని విశ్రాంతి యెవరికి దొరకును? మా వద్దకు వచ్చిన వ్యవహారమొకటి చెప్పెదము, పేర్లు చెప్పము.

ఒక టోకు వర్తకుని గిడ్డంగిలో బస్తాలు మోయు హమాలీకి జ్వరము వచ్చినది. వయస్సు నలువదియైదు లోపు. నాలుగు దినములు పరుండెను. ఐదవనాడు మేస్త్రీ, రానిచో వేఱొకని పెట్టుకొందుమని కబురంపెను. పోయి నాలుగు దినములు మోసెను. ఎదలో బరువుగానున్నదనగా తోడివారు సోడా తెచ్చియిచ్చిరి. తొమ్మిదవనాడు గిడ్డంగి మెట్లపైనే కూలెను. అతని భార్య మావద్దకు వచ్చి, "బాబుగారూ, ఆయన పనిలోనే గదండీ పోయింది? ఏమీ ఇయ్యరా?" అని యడిగినది.

చట్టమేమి చెప్పును? పనిచేయు వేళలో చనిపోయిన చాలదు. పనివలననే చావు కలిగినదని చూపవలెను. 1923 నాటి పరిహారపు చట్టమునం దున్న ఈ సూత్రమే 2020 నాటి సాంఘికభద్రతా స్మృతిలోనికిని వచ్చినది. గుండెపోటు విషయమున, పనియొక్క శ్రమకును మరణమునకును గల సంబంధమును హక్కుదారులే చూపవలెనని సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పియున్నది. ఆ స్త్రీచేతిలో కాగితమొకటియు లేదు. జ్వరమునకు వైద్యుని చీటి లేదు, నెత్తురు పరీక్ష లేదు, ఇ.సి.జి. లేదు, సూదివేసినవాడు ఏ మందు వేసెనో వ్రాసియీయలేదు. వర్తకుడు ఇచ్చిన కొద్ది మొత్తమునకు ఆమె వ్రేలిముద్ర వేసినది. ఆ మనిషి గుండె జ్వరమువలన నిలిచెనో, బస్తాలవలన నిలిచెనో, రెంటివలనను నిలిచెనో చెప్పుటకు సాక్షియే లేకపోయెను. బీదవాని మరణమునకు సాక్ష్యము పుట్టనే పుట్టదు. పుట్టని సాక్ష్యమును మావంటివారు ఏ న్యాయస్థానమున నిలుపగలము?

1948 నాటి చట్టముచే ఏర్పడిన కార్మిక రాజ్యబీమా పథకము క్రింద, చందా కట్టిన కార్మికుడు రోగియైనచో సంవత్సరమునకు 91 దినములవఱకు జీతములో నూటికి 70 వంతులు పొందవచ్చును. ఎంత మంచి యేర్పాటు! కాని అది ఫ్యాక్టరీలలోను, నమోదైన సంస్థలలోను పనిచేయువారికి. హమాలీకి, ఆటో నడుపువానికి, ఇండ్లలో పనిచేయు స్త్రీకి, హోటలులో గిన్నెలు కడుగు పిల్లవానికి, రైతుకూలీకి ఆ 91 దినములలో నొక దినమైనను లేదు. 2007లో మన రాష్ట్రమున ఆరోగ్యశ్రీ పథకము వచ్చి, బీదల గుండెలకు శస్త్రచికిత్స చేయించు దారి తెఱచినది. అది కొనియాడదగినది. అయినను విచిత్రము చూడుడు: గుండె చెడిన పిమ్మట లక్షలు వ్యయపఱచుటకు మార్గమున్నది, చెడకుండుటకు పదిదినముల కూలి యిచ్చు మార్గము లేదు.

కావున మా మనవి నాలుగు మాటలు. యజమానులారా! జ్వరమువచ్చినవానిని పదిదినములవఱకు బరువుపనికి పిలువకుడు. ఆ దినముల కూలిలో సగమైన నిండు. వాని స్థానము వానికి నిలుపుడు. దానము చేయుచున్నామని తలపకుడు. పనివానిని కాపాడుకొనుట వర్తకధర్మములోనిదే. ఉపాధ్యాయులారా! హాజరుకు బహుమానములు పెట్టి జ్వరపుబిడ్డను బడికి రప్పింపకుడు. జ్వరమునుండి లేచిన బాలుని పరుగుపందెమున నిలుపకుడు. పురపాలక సంఘ సభ్యులారా! ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున ఇ.సి.జి. యంత్రమును, దానిని చదువగలవానితో సంబంధమును ఏర్పఱచుడని, వృద్ధులకును హృద్రోగులకును ఇన్‌ఫ్లుయెంజా టీకా ఉచితముగా నిండని, తీర్మానము చేసి ప్రభుత్వమునకు పంపుడు. గృహస్థులారా! జ్వరము వచ్చిన తేదియు, వేసిన మందుల పేర్లును ఒక కాగితముపై వ్రాసియుంచుడు. వైద్యునకు అది దీపము. విధి వక్రించినచో న్యాయస్థానమున అది సాక్షి.

ఈ పఠనమందిరము చేయగల పనియు నొకటి కలదు. వార్తాపత్రికలు వ్రేలాడు గోడపై ముప్పుగుర్తుల పట్టిక యొకటి, 108 అను అంకెతో సహా, పెద్దయక్షరములతో వ్రాసి యంటించుడు. చదువువచ్చినవారు చదువురానివారికి వారమునకొకసారి చదివి వినిపింపుడు. హమాలీల వాడకును, ఆటోల అడ్డాకును దాని ప్రతులు పంపుడు. దీనికి చందాలు కూడ నక్కఱలేదు.

కోవిడును గూర్చిన ప్రపంచ అత్యవసరస్థితి ముగిసినదని 2023 మే మాసమున ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించెను. స్థితి ముగిసినది గాని వైరసు ముగియలేదు. ఇన్‌ఫ్లుయెంజా ఏటేట వానకాలమునను చలికాలమునను మన గుమ్మమెక్కుచునే యున్నది. దానిని రాకుండ సర్వవిధముల నాపుట మన చేతిలో లేకపోవచ్చును. వచ్చిపోయిన పిమ్మటి ఆ కొలది వారములు మాత్రము మన చేతిలోనివే. ఒళ్లు చల్లబడినంత మాత్రమున పరుపు చుట్టివేయకుడు. మీ పనివానిచేత చుట్టివేయింపకుడు.